సిపాయిగా చేరి అధికారి కావడమా, నేరుగా చేరడమా: అరకు, తూర్పు కనుమల మన్యంలో సైనిక ప్రవేశ మార్గాలు

భారత సైన్యంలో అధికారి కావడానికి రెండు దారులున్నాయి. చదువుకుంటూనే పోటీ పరీక్ష రాసి, ఎంపికై, అకాడమీలో శిక్షణ ముగించి లెఫ్టినెంట్‌గా బయటికి రావడం మొదటిది. దీన్ని నేరు ప్రవేశం అంటారు. ముందు సిపాయిగా చేరి, కొన్నేళ్లు పనిచేసి, సైన్యం లోపల జరిగే ఎంపికలో నెగ్గి కమిషన్ సంపాదించడం రెండోది. దీని పేరు సర్వీసు ప్రవేశం. రెండు దారులూ చివరికి ఒకే హోదాకు చేరుస్తాయి. వయసు, చదువు, భాష, శరీర కొలతలు, ఇంటి ఆర్థిక స్థితి మాత్రం ఒక్కో దారిలో ఒక్కో రకంగా పనిచేస్తాయి.

అల్లూరి సీతారామరాజు, పార్వతీపురం మన్యం జిల్లాల యువతకు ఈ రెండు దారులూ ఎలా వర్తిస్తాయో ఈ వ్యాసం వివరిస్తుంది. ఈ రెండు జిల్లాలూ 2022 ఏప్రిల్ 4న ఏర్పడ్డాయి. బగత, కొండదొర, వాల్మీకి, కోటియ, కోదు, పోర్జ, గదబ, సవర, జాతాపు తదితర తెగలవారు ఇక్కడ నివసిస్తున్నారు. సైనిక నియామకాల విషయంలో ఇది విశాఖపట్నంలోని ఆర్మీ రిక్రూటింగ్ కార్యాలయం పరిధిలోని ప్రాంతం.

నిర్వచనం, హోదాల క్రమం

సైన్యంలో మూడు అంతస్తులున్నాయి. సిపాయి, లాన్స్ నాయక్, నాయక్, హవల్దార్ మొదటి అంతస్తు. నాయబ్ సుబేదార్, సుబేదార్, సుబేదార్ మేజర్ రెండోది. వీరిని జూనియర్ కమిషన్డ్ అధికారులు అంటారు. లెఫ్టినెంట్ నుంచి జనరల్ వరకు మూడోది. రాష్ట్రపతి కమిషన్ పొందిన అధికారులు వీరే.

ఊళ్లలో పదవీ విరమణ చేసిన హవల్దారునూ, సుబేదారునూ, మేజర్‌నూ అందరినీ ‘మిలటరీ ఆయన’ అనే పిలుస్తారు. అందువల్ల సిపాయిగా చేరితే ప్రమోషన్ల మీద ప్రమోషన్లు వచ్చి చివరికి మేజరో కల్నలో అవుతారన్న అభిప్రాయం చాలా ఇళ్లలో ఉంది. వాస్తవంలో మామూలు పదోన్నతి సుబేదార్ మేజర్ దగ్గర ఆగిపోతుంది. పదవీ విరమణ దగ్గరపడిన జూనియర్ కమిషన్డ్ అధికారుల్లో కొందరికి గణతంత్ర దినం, స్వాతంత్ర్య దినం సందర్భంగా గౌరవ లెఫ్టినెంట్, గౌరవ కెప్టెన్ హోదాలు ఇస్తారు. పరమ వీర చక్ర గ్రహీత బాణా సింగ్ 1969లో సిపాయిగా చేరి గౌరవ కెప్టెన్‌గా విరమించారు. అది సేవకు దక్కిన గౌరవం. ఇక్కడ చర్చిస్తున్న కమిషన్ దానికి భిన్నమైనది. దానికి ప్రత్యేకంగా దరఖాస్తు పెట్టాలి, పరీక్ష నెగ్గాలి, అకాడమీకి వెళ్లాలి.

చరిత్ర

మన్యానికి సాయుధ బలగాలు మొదట పాలకుల పక్షాన వచ్చాయి. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై దాడి చేశాక, తిరుగుబాటును అణచడానికి ప్రభుత్వం మలబార్ స్పెషల్ పోలీసునూ, ఆపైన అస్సాం రైఫిల్స్‌నూ దించింది. మైదానంలోని తెలుగువారి సైనిక చరిత్ర వేరు. 19వ శతాబ్దంలో మద్రాసు సైన్యంలో తెలుగు సిపాయిలు పెద్ద సంఖ్యలోనే ఉండేవారు. కొన్ని జాతులే యుద్ధానికి పనికివస్తాయన్న ‘యుద్ధ జాతుల’ సిద్ధాంతం బలపడేకొద్దీ వారిని చేర్చుకోవడం తగ్గిపోయింది. ప్రపంచ యుద్ధాలు మళ్లీ తలుపు తెరిచాయి. పశ్చిమ గోదావరి జిల్లాలోని మాధవరానికి మిలిటరీ మాధవరం అన్న పేరు ఆ పరంపర వల్లనే వచ్చింది. మన్యం పల్లెల్లో అటువంటి పరంపర లేదు. తాతో తండ్రో సైన్యంలో పనిచేసి దారి చెప్పగల ఇళ్లు అక్కడ తక్కువ.

కింది నుంచి పైకి వచ్చే దారికి వలస కాలంలోనే పునాది పడింది. బ్రిటిష్ హయాంలో భారతీయ సైనికులకు వైస్రాయ్ కమిషన్ అనే తక్కువ స్థాయి అధికారం ఉండేది. నేటి సుబేదార్ హోదాలకు మూలం అదే. సిపాయిలను పూర్తి స్థాయి అధికారులుగా తయారు చేయడానికి 1929లో నౌగాంగ్‌లో కిచ్‌నర్ కళాశాల నెలకొల్పారు. 1932 అక్టోబరులో డెహ్రాడూన్‌లో ఇండియన్ మిలిటరీ అకాడమీ మొదలైనప్పుడు తొలి బ్యాచ్‌లో 40 మంది ఉన్నారు. అందులో 15 మంది బహిరంగ పోటీ ద్వారా, 15 మంది సైనిక శ్రేణుల నుంచి, 10 మంది సంస్థానాల దళాల నుంచి వచ్చారు. అంటే నేటి రెండు దారులూ అకాడమీ తొలి రోజు నుంచే పక్కపక్కన నడిచాయి.

ఈ విషయంలో ఆ బ్యాచ్‌ను మించిన ఉదాహరణ దొరకదు. బహిరంగ పోటీలో నెగ్గి వచ్చిన శామ్ మానెక్‌షా 1969లో భారత సైన్యాధిపతి అయ్యారు. అప్పటికే సిపాయిగా పనిచేసి వచ్చిన ముహమ్మద్ మూసా 1958లో పాకిస్తాన్ సైన్యాధిపతి అయ్యారు. బర్మా రైఫిల్స్ శ్రేణుల నుంచి వచ్చిన స్మిత్ డన్ స్వతంత్ర బర్మా సైన్యానికి అధిపతి అయ్యారు. ఒకే బ్యాచ్ మూడు దేశాలకు సైన్యాధిపతులను ఇచ్చింది. వారిలో ఇద్దరు సిపాయి దారిన వచ్చినవారు.

స్వాతంత్ర్యం తర్వాత ఈ సంప్రదాయం ఆర్మీ క్యాడెట్ కాలేజీ రూపంలో నిలిచింది. 1960లో పుణెలో మొదలైన ఈ కళాశాల 1977లో డెహ్రాడూన్‌కు మారి, 2006లో ఇండియన్ మిలిటరీ అకాడమీలో ఒక విభాగమైంది. సైనికులు దీన్ని ఏసీసీ అంటారు. నేరు ప్రవేశానికి ప్రధాన ద్వారమైన నేషనల్ డిఫెన్స్ అకాడమీ 1949లో డెహ్రాడూన్‌లో ఉమ్మడి శిక్షణగా ప్రారంభమై, తర్వాత పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో స్థిరపడింది.

నేరు ప్రవేశం: రకాలు

ఇంటర్ స్థాయిలో ప్రధానమైనది నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్‌డీఏ) పరీక్ష. యూపీఎస్‌సీ దీన్ని ఏటా రెండుసార్లు నిర్వహిస్తుంది. వయసు పదహారున్నర నుంచి పందొమ్మిదిన్నర ఏళ్ల మధ్య ఉండాలి, పెళ్లి కాకూడదు. సైన్యం విభాగానికి ఇంటర్‌లో ఏ గ్రూపైనా సరిపోతుంది. నౌకా, వైమానిక విభాగాలకు మాత్రం గణితం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం తప్పనిసరి. రాత పరీక్షలో గణితానికి 300, జనరల్ ఎబిలిటీకి 600 మార్కులు. తర్వాతి ఎంపిక బోర్డుకు 900. ఒక్కో విడతలో సుమారు 400 ఖాళీలుంటాయి. ఎంపికైనవారికి మూడేళ్లు ఖడక్‌వాస్లాలో డిగ్రీతో కూడిన శిక్షణ, ఆపై సైన్యం అభ్యర్థులకు డెహ్రాడూన్‌లో ఏడాది శిక్షణ ఉంటాయి. శిక్షణ ఖర్చు ప్రభుత్వమే భరిస్తుంది.

డిగ్రీ ముగించినవారికి కంబైన్డ్ డిఫెన్స్ సర్వీసెస్ (సీడీఎస్) పరీక్ష ఉంది. డెహ్రాడూన్ అకాడమీకి వయసు 19 నుంచి 24, చెన్నైలోని ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీకి 19 నుంచి 25. చెన్నైలో వచ్చేది షార్ట్ సర్వీస్ కమిషన్. అంటే పదేళ్ల సర్వీసు, మరో నాలుగేళ్లు పొడిగించే వీలు. ఎన్‌సీసీలో సీ సర్టిఫికెట్ ఉన్న పట్టభద్రులు రాత పరీక్ష లేకుండానే ఎంపిక బోర్డుకు దరఖాస్తు చేసుకోవచ్చు. అందుకు సర్టిఫికెట్‌లో కనీసం బీ గ్రేడు, డిగ్రీలో 50 శాతం మార్కులు ఉండాలి. కోచింగ్‌కు విశాఖ దాకా వెళ్లే స్తోమత లేని డిగ్రీ విద్యార్థికి ఈ దారి ఉపయోగం చాలా పెద్దది. అయినా కళాశాలలో ఎన్‌సీసీలో చేరేటప్పుడు ఈ సంగతి తెలిసినవారు కొద్దిమందే.

సైన్యంలో అధికారులకైనా సిపాయిలకైనా కులం, తెగ ప్రాతిపదికన రిజర్వేషన్లు లేవు. ఎన్‌డీఏ, సీడీఎస్ పరీక్షల్లో ఎస్టీ అభ్యర్థులకు ఫీజు మినహాయింపు ఉంది, వయసు సడలింపు లేదు. పాడేరులో గురుకులంలో చదివిన విద్యార్థి డిగ్రీకి ఒక ఏడాది ఆలస్యంగా చేరినా సీడీఎస్ గడువు కదలదు.

సిపాయి ప్రవేశం: అగ్నిపథ్

2022 జూన్ 14న ప్రకటించిన అగ్నిపథ్ పథకం సిపాయి దారిని పూర్తిగా మార్చేసింది. పథకం మొదలైనప్పుడు నిర్ణయించిన వయసు పదిహేడున్నర నుంచి 21. కరోనా వల్ల నియామకాలు ఆగిపోయినందున ఆ ఒక్క ఏడాదికి 23 వరకు అనుమతించారు. ఇలా చేరినవారిని అగ్నివీరులు అంటారు. వారి సర్వీసు నాలుగేళ్లు. గడువు ముగిశాక గరిష్ఠంగా 25 శాతం మందిని రెగ్యులర్ కేడర్‌లోకి తీసుకుంటారు. వారికి మరో 15 ఏళ్ల సర్వీసు, పాత సైనికుల నిబంధనలు వర్తిస్తాయి. మిగిలినవారు నాలుగేళ్లలో పోగైన సేవానిధి మొత్తంతో ఇంటికి వెళ్తారు, పింఛను ఉండదు.

జనరల్ డ్యూటీకి పదో తరగతిలో మొత్తం మీద 45 శాతం, ప్రతి సబ్జెక్టులో 33 శాతం మార్కులు ఉండాలి. ట్రేడ్స్‌మన్ ఉద్యోగాల్లో కొన్నింటికి ఎనిమిదో తరగతి చాలు. 2023 నుంచి ముందు ఆన్‌లైన్ రాత పరీక్ష, తర్వాత నియామక ర్యాలీ జరుగుతున్నాయి. తొలుత ఇంగ్లిషు, హిందీల్లోనే ఉన్న ఈ పరీక్షను 2025లో తెలుగుతో సహా 13 భాషలకు విస్తరించారు. తెలుగు మాధ్యమంలో చదివిన కొండ ప్రాంత అభ్యర్థికి ఇది నిజమైన వెసులుబాటు.

ర్యాలీలో అసలు పరీక్ష 1.6 కిలోమీటర్ల పరుగు. 400 మీటర్ల ట్రాకు మీద నాలుగు రౌండ్లు. అయిదున్నర నిమిషాల్లో ముగిస్తే పూర్తిగా 60 మార్కులు. లెక్కవేస్తే ఒక్కో రౌండుకు సుమారు 82 సెకన్లు. మొదటి రౌండులో ఊపు మీద 70 సెకన్లలో పరుగెత్తినవారు మూడో రౌండుకు వెనకబడటం ప్రతి ర్యాలీలోనూ కనిపిస్తుంది. వాలు దారుల్లో నడిచి పెరిగిన కుర్రాళ్లకు దమ్ము ఉంటుంది, చదును ట్రాకు మీద వేగాన్ని సమానంగా పంచుకునే అలవాటు మాత్రం సాధనతోనే వస్తుంది. అరకు చల్లదనం నుంచి విశాఖ ఉక్కపోతలోకి దిగడం ఇంకో ఇబ్బంది. పరుగు తర్వాత బీమ్. గడ్డం కడ్డీ పైకి వచ్చేలా పది పుల్‌అప్స్ తీస్తే 40 మార్కులు. తొమ్మిది అడుగుల గొయ్యి దూకడం, వంకర దూలం మీద నడవడం మార్కుల్లేనివే, కానీ తప్పక నెగ్గాలి.

పత్రాల దగ్గర తిరిగి వెళ్లిపోయేవారూ ఉంటారు. నివాస, కుల ధ్రువపత్రాలతోపాటు పెళ్లి కాలేదని సర్పంచ్ ఇచ్చే ధ్రువపత్రమూ కావాలి. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒక పుట్టిన తేదీ, ఆధార్‌లో మరొకటి ఉండటం కొండ పల్లెల్లో తరచు కనిపించే చిక్కు. దాన్ని ర్యాలీ ప్రకటన రాకముందే సరిచేయించుకోవాలి.

సిపాయి నుంచి అధికారి: సర్వీసు ప్రవేశాలు

వీటిలో ముఖ్యమైనది ఏసీసీ. ఇంటర్ పాసై, 20 నుంచి 27 ఏళ్ల మధ్య ఉండి, కనీసం రెండేళ్ల సర్వీసున్న సైనికులు దరఖాస్తు చేసుకోవచ్చు. సైన్యం నిర్వహించే రాత పరీక్ష, ఆ తర్వాత ఎంపిక బోర్డు. నెగ్గినవారు డెహ్రాడూన్‌లో మూడేళ్లు చదివి జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం డిగ్రీ పొందుతారు. తర్వాతి ఏడాది అకాడమీలో నేరు ప్రవేశం ద్వారా వచ్చినవారితో కలిసి శిక్షణ పొంది, ఒకే కవాతులో లెఫ్టినెంట్ అవుతారు.

28 నుంచి 35 ఏళ్ల మధ్య ఉన్నవారికి స్పెషల్ కమిషన్డ్ ఆఫీసర్ పథకం ఉంది. అంతకన్నా ఎక్కువ సర్వీసున్నవారికి స్పెషల్ లిస్ట్ పర్మనెంట్ కమిషన్ ఉంది. దీని ద్వారా వచ్చినవారు ఎక్కువగా క్వార్టర్‌మాస్టర్ తరహా బాధ్యతల్లో ఉంటారు. నౌకాదళంలో ఇటువంటి దారిని కమిషన్ వర్దీ పథకం అంటారు.

అగ్నిపథ్ తర్వాత ఈ దారి ఇరుకైంది. 18 ఏళ్లకు అగ్నివీరుడిగా చేరినవాడు 22 ఏళ్లకు రెగ్యులర్ కేడర్‌కు ఎంపికైతే, ఏసీసీ వయసు దాటడానికి అయిదేళ్లు ఉంటాయి. 21 ఏళ్లకు చేరినవాడికి మిగిలేది రెండేళ్లే. ఆ 25 శాతంలో చోటు దొరకడం మొదటి షరతు. ‘ముందు సిపాయిగా చేరు, తర్వాత ఆఫీసరు అవ్వొచ్చు’ అని 2022కు ముందు సీనియర్లు ఇచ్చిన సలహా ఆనాటి నిబంధనలకు సరైనదే. ఇప్పుడు ఆ మాట యథాతథంగా చెల్లదు.

దీనికి పక్కనే ఇంకో దారి ఏర్పడింది. అగ్నివీరుల శిక్షణను క్రెడిట్లుగా లెక్కగట్టి డిగ్రీ ఇచ్చే కోర్సును ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం రూపొందించింది. 18 ఏళ్లకు చేరి, సర్వీసులోనే డిగ్రీ ముగించుకుని, 22 ఏళ్లకు బయటికి వచ్చినవాడికి సీడీఎస్ రాయడానికి ఇంకా సమయం ఉంటుంది. సిపాయిగా మొదలై నేరు ప్రవేశంలో ముగిసే మిశ్రమ మార్గం ఇది.

ఉమ్మడి ద్వారం: ఎస్‌ఎస్‌బీ

ఏ దారిన వచ్చినా తప్పనిది సర్వీసెస్ సెలక్షన్ బోర్డు. ఎన్‌డీఏ అభ్యర్థికీ, సీడీఎస్ పట్టభద్రుడికీ, ఏసీసీకి వచ్చిన నాయక్‌కూ అదే అయిదు రోజుల పరీక్ష. సిపాయి సర్వీసు ఎస్‌ఎస్‌బీని తప్పించదు. సైనిక జీవితంతో పరిచయం మాత్రం ఇస్తుంది. ప్రయాగ్‌రాజ్, భోపాల్, బెంగళూరు తదితర చోట్ల బోర్డులున్నాయి. నౌకాదళం అభ్యర్థులకు విశాఖపట్నంలోనే బోర్డు ఉంది.

మొదటి రోజు బుద్ధి పరీక్ష, మసక బొమ్మను చూసి కథ రాసి బృందంలో చర్చించే పరీక్ష ఉంటాయి. ఇక్కడే చాలామంది వెనుదిరుగుతారు. మిగిలినవారికి మనస్తత్వ పరీక్షలు, బృంద కార్యాలు, ముఖాముఖి, చివరి రోజు బోర్డు సభ్యులందరి ముందు కాన్ఫరెన్స్. మనస్తత్వ పరీక్షలో ఒక భాగం 60 పదాలు. ఒక్కో పదం 15 సెకన్లు కనిపిస్తుంది, అంతలో ఒక వాక్యం రాయాలి. ఆలోచించి అనువదించుకుని రాసేంత వ్యవధి ఉండదు. అయిదు రోజులూ పరుగుకు మార్కులు లేవు. చూసేది నాయకత్వ లక్షణాలను.

బృంద కార్యాల్లో ఒక దృశ్యం గమనించదగినది. మైదానంలో అక్కడక్కడ కట్టడాలుంటాయి. బృందం చేతికి ఒక బల్ల, ఒక దుంగ, ఒక తాడు ఇస్తారు. వాటి సాయంతో నేల తాకకుండా, ఎర్ర రంగు పూసిన భాగాన్ని ముట్టుకోకుండా బరువుతోపాటు అందరూ అవతలికి చేరాలి. నాయకుడిని ఎవరూ నియమించరు. వాగు మీద రెండు దుంగలు వేసి సంతకు బస్తా మోసిన అనుభవం ఉన్న కుర్రాడికి ఆ బల్ల ఎక్కడ ఆనించాలో వెంటనే తెలుస్తుంది. కానీ తన ఉపాయాన్ని పక్కవాళ్లకు ఇంగ్లిషులోనో హిందీలోనో చెప్పి ఒప్పించలేకపోతే పరీక్షాధికారికి అది కనిపించదు. మన్యం అభ్యర్థుల విషయంలో సమస్య సత్తాలో లేదు, భాషలో ఉంది. దీన్ని సరిచేయవచ్చు కాబట్టే ఇది ముఖ్యం.

శరీర కొలతలు, మహిళలు

ఎత్తు విషయంలో అందరూ అనుకునేదానికి నిబంధనలు సరిగ్గా వ్యతిరేకంగా ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలు ఉన్న దక్షిణ ప్రాంతంలో జనరల్ డ్యూటీ సిపాయికి సాధారణ కనీస ఎత్తు 166 సెంటీమీటర్లు. గుర్తింపు పొందిన గిరిజన సమూహాలకు ఇందులో సడలింపు ఉంది. ఎన్‌డీఏ ద్వారా సైన్యంలో అధికారి కావడానికి పురుషులకు కావలసిన ఎత్తు 157 సెంటీమీటర్లు. నౌకాదళ అగ్నివీరుడికి కూడా 157, వైమానిక దళ అగ్నివీరుడికి 152. అంటే ర్యాలీలో కొలత కర్ర దగ్గర ‘పొట్టి’ అనిపించుకుని ఇంటికి తిరిగివచ్చిన యువకుడికి అధికారి పరీక్ష రాసే అర్హత ఉండవచ్చు. సైన్యమే నన్ను వద్దందని భావించి ప్రయత్నం మానేసిన ప్రతి ఒక్కరికీ ఈ అంకె చేరవలసి ఉంది.

మహిళల విషయంలోనూ పై తలుపే ముందు తెరుచుకుంది. సైన్యం మహిళలను వైద్యేతర విభాగాల్లో షార్ట్ సర్వీస్ అధికారులుగా తీసుకోవడం 1992లో మొదలుపెట్టింది. సిపాయి స్థాయిలో వారిని మిలిటరీ పోలీసు విభాగంలోకి తీసుకోవడం 2019లోనే మొదలైంది. సుప్రీంకోర్టు 2021లో ఇచ్చిన ఉత్తర్వుతో ఎన్‌డీఏ తలుపులు తెరుచుకున్నాయి. 2022లో చేరిన తొలి మహిళా క్యాడెట్లలో 17 మంది 2025 మేలో శిక్షణ పూర్తి చేసుకున్నారు. తెలంగాణలో సాంఘిక సంక్షేమ గురుకులాల సంస్థ భువనగిరి ప్రాంతంలో అమ్మాయిల కోసం సాయుధ దళాల సన్నాహక డిగ్రీ కళాశాల నెలకొల్పింది. మన్యానికి దగ్గరలో అటువంటిది ఉంటే ప్రయోజనం చాలా ఉంటుంది.

చదువు: నిర్ణయం ఎప్పుడు జరుగుతుంది

సిపాయా, అధికారా అన్న ప్రశ్న ఇంటర్ తర్వాత వస్తుందని అందరూ అనుకుంటారు. చాలామంది విషయంలో జవాబు అయిదో తరగతిలోనే నిర్ణయమైపోతుంది. విజయనగరం దగ్గరి కోరుకొండ సైనిక పాఠశాల 1962 జనవరిలో విజయనగరం రాజవంశం ఇచ్చిన రాజభవనంలో మొదలైంది. అరకు నుంచి కొండ దిగితే అందుబాటులో ఉండే సైనిక పాఠశాల ఇదే. రాష్ట్రంలో రెండోది రాయలసీమలోని కలికిరిలో ఉంది. సైనిక పాఠశాలల్లో 7.5 శాతం సీట్లు ఎస్టీలకు కేటాయిస్తారు. సైనిక ప్రవేశ వ్యవస్థలో గిరిజనులకు రిజర్వేషన్ దొరికే మెట్టు ఇదే. ఆరో తరగతికి 10 నుంచి 12 ఏళ్ల పిల్లలు పరీక్ష రాయవచ్చు, తెలుగులోనూ రాయవచ్చు. తొమ్మిదో తరగతికి వచ్చేసరికి ప్రశ్నపత్రం ఇంగ్లిషులోనే ఉంటుంది. 2021–22 నుంచి బాలికలకూ ప్రవేశం ఉంది.

సూర్యాపేటకు చెందిన బిక్కుమళ్ల సంతోష్ బాబు చిన్న వయసులోనే కోరుకొండ చేరి, అక్కడి నుంచి ఎన్‌డీఏకు, ఆపై డెహ్రాడూన్‌కు వెళ్లి 2004లో 16 బిహార్ పటాలంలో అధికారి అయ్యారు. 2020 జూన్ 15 రాత్రి గాల్వన్ లోయలో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో ఆ పటాలానికి కమాండింగ్ ఆఫీసర్‌గా ప్రాణాలర్పించారు. ఆయనకు మరణానంతరం మహావీర చక్ర ప్రకటించారు. ఆదివాసీ సైనికులు అధికంగా చేరే రెజిమెంట్లలో బిహార్ రెజిమెంట్ ఒకటి. నేరు దారిన వచ్చిన అధికారి, సిపాయి దారిన వచ్చిన జవాను ఒకే బాధ్యతను ఎలా పంచుకుంటారో ఆ పటాలం చరిత్ర చెబుతుంది.

ఇంకో ఆధారం ఏకలవ్య ఆదర్శ గురుకులాలు. అరకు లోయ, డుంబ్రిగూడ, ముంచింగిపుట్టు వంటి మండలాల్లో ఆరు నుంచి పన్నెండో తరగతి వరకు ఇంగ్లిషు మాధ్యమంలో ఇవి నడుస్తాయి. ఇంట్లో కువి, ఆదివాసీ ఒడియా, పోర్జ మాట్లాడి, బడిలో తెలుగు నేర్చుకుని, పరీక్షకు ఇంగ్లిషు అందుకోవలసిన పిల్లలకు ఎన్‌డీఏ ప్రశ్నపత్రం మూడో భాషలోనో నాలుగో భాషలోనో ఎదురవుతుంది. ఆ పత్రం ఇంగ్లిషు, హిందీల్లోనే వస్తుంది, ఇంగ్లిషు భాషకు విడిగా మార్కులుంటాయి. పదో తరగతి తర్వాత ఈ లోటు పూడ్చుకోవడం అసాధ్యమేమీ కాదు. వ్యవధి మాత్రం తక్కువ.

జీతం, వయసు, పదోన్నతి

అగ్నివీరుడికి మొదటి ఏడాది నెలకు 30,000 రూపాయలు, నాలుగో ఏడాదికి 40,000. అందులో 30 శాతం సేవానిధికి మినహాయిస్తారు. ప్రభుత్వం అంతే మొత్తం కలుపుతుంది. మొదటి ఏడాది చేతికి వచ్చేది 21,000. నాలుగేళ్ల చివర వడ్డీతో కలిపి సుమారు 11.71 లక్షలు అందుతాయని పథకం ప్రకటించినప్పుడు చెప్పారు. రెగ్యులర్ సిపాయి మూల వేతనం 21,700, లెఫ్టినెంట్‌ది 56,100. వీటికి తోడు సైనిక సేవా వేతనం సిపాయికి 5,200, అధికారికి 15,500. అకాడమీలో చివరి ఏడాది శిక్షణలో ఉన్న క్యాడెట్‌కు కూడా నెలకు 56,100 స్టైపెండ్ వస్తుంది.

కాఫీ తోట దిగుబడి మీద ఆధారపడిన ఇంటికి నెలనెలా 21,000 అంటే చిన్న మాట కాదు. అన్న పంపే డబ్బుతో చెల్లెలు నర్సింగ్ చదవవచ్చు, అప్పు తీరవచ్చు. ఎన్‌డీఏకు వెళ్లిన కుర్రాడు మూడేళ్లు ఇంటికి భారం కాకపోయినా ఇంటికి పంపేదీ ఉండదు. అందుకే సిపాయి దారిని ఎంచుకోవడాన్ని చదువులో వెనకబాటుగా మాత్రమే చూడటం పొరపాటు. చాలా ఇళ్లలో అది లెక్క వేసి తీసుకున్న నిర్ణయం.

పదోన్నతి లెక్క వేరు. అధికారికి రెండేళ్లకు కెప్టెన్, ఆరేళ్లకు మేజర్, 13 ఏళ్లకు లెఫ్టినెంట్ కల్నల్ హోదా వస్తాయి. ఆపై ఎంపిక ద్వారానో, 26 ఏళ్ల సర్వీసుకు కాలక్రమంలోనో కల్నల్ అవుతారు. కల్నల్ పదవీ విరమణ వయసు 54. ఎన్‌డీఏ నుంచి వచ్చినవారికి 21, 22 ఏళ్లకు కమిషన్ వస్తుంది. 27 ఏళ్లకు ఏసీసీలో చేరినవారికి నాలుగేళ్ల శిక్షణ తర్వాత 31 ఏళ్లకు వస్తుంది. 54కు వారికి మిగిలేది 23 ఏళ్లు. బ్రిగేడియర్, ఆపై హోదాలకు పోటీపడే సమయం వారికి తక్కువ. ఇందుకు బదులుగా వారికి ఉండేది పటాలం లోపలి జీవితం మీద పట్టు. జవాను సెలవు కోసం ఎందుకు తొందరపడతాడో, మెస్‌లో ఏ చిన్న విషయం గొడవ అవుతుందో వారు స్వయంగా చూసి వచ్చారు.

సంబంధిత మార్గాలు: కేంద్ర బలగాలు

సైన్యంతోపాటు మన్యం యువత ఎక్కువగా చూసేది సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్ వంటి కేంద్ర సాయుధ పోలీసు బలగాలను. ఇవి హోం శాఖ కింద పనిచేస్తాయి, ఇక్కడ రిజర్వేషన్లు వర్తిస్తాయి. కానిస్టేబుల్ నియామకంలో ఎస్టీ పురుషులకు ఎత్తు 162.5 సెంటీమీటర్లు, వయసులో అయిదేళ్ల సడలింపు. 2024 నుంచి పరీక్ష తెలుగులోనూ ఉంది. అధికారి స్థాయిలో అసిస్టెంట్ కమాండెంట్ పోస్టులకు యూపీఎస్‌సీ పరీక్ష జరుపుతుంది. పట్టభద్రులకు వయసు 20 నుంచి 25, ఎస్టీలకు 30 వరకు. కింది హోదాల్లో చేరినవారు శాఖాపరమైన పరీక్ష ద్వారా అసిస్టెంట్ కమాండెంట్ అయ్యే వీలు కూడా ఉంది. సర్వీసు ముగించిన అగ్నివీరులకు ఈ బలగాల్లో 10 శాతం కోటాను 2022లోనే ప్రకటించారు. 25 దాటి సీడీఎస్ గడువు ముగిసిన గిరిజన పట్టభద్రుడికి, నాలుగేళ్ల తర్వాత రెగ్యులర్ కేడర్‌లో చోటు దొరకని అగ్నివీరుడికి అధికారి హోదా వైపు ఇంకా తెరిచి ఉండే దారి ఇది.